తాతయ్య ఇవ్వలేని నామినేషన్

చాండ్లర్, ఆరిజోనా
గురుపూర్ణిమ

ప్రియమిత్రుడు సాంబశివరావుకు,
యజ్ఞనారాయణ నమస్కారాలు.

నేడు ఆషాఢ శుద్ధ పూర్ణిమ. మనకు తెలియనిదానిని తెలియజెప్పినవారిని తలచుకొని, వారి ముందు మనసా తల వంచవలసిన దినం. గురుత్వానికి వయసుతో పని లేదని శాస్త్రం చెబుతుంటే చిన్నప్పుడు విని ఊరుకున్నాను గాని, ఈ వేసవిలో అది నా ఇంటి సోఫాలోనే రుజువైంది. శాంటా క్లారాలో నువ్వు ఏ మహనీయుణ్ణి స్మరించుకున్నావో తెలియదు. నేను మాత్రం పదిహేడేళ్ళ నిశాంత్‌ను స్మరించుకున్నాను.

నవ్వకు. నిశాంత్ మా అన్నయ్య మనవడు, చక్రధర్ కొడుకు. వాళ్ళ ఇల్లు మా పక్క వీధిలోనే. చక్రధర్ కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీకీ, అతని భార్య భావన తన ఆఫీసుకీ వెళ్ళగానే వాడు మా ఇంటికి వచ్చేస్తున్నాడు. నా మీద ప్రేమ కొంత. మా ఆవిడ ప్రమోద పోయాక కాలక్షేపానికి నేను కొన్న పెద్ద టీవీ మీద ప్రేమ మరికొంత. ఆ టీవీలో వాడు ఇక్కడి కాలేజీల ఫుట్‌బాల్ వీడియో గేమ్ ఆడతాడు. అందులో ఆడేవాడు కేవలం ఆటగాడు కాడు; ఒక కాలేజీకి కోచ్. హైస్కూలు కుర్రవాళ్ళలో మెరికలను వెతికి, బుజ్జగించి, తన జట్టులోకి తెచ్చుకోవాలి. అందరూ పేరున్న పెద్ద కాలేజీలను ఎంచుకుంటారట. మనవాడు సైనికాధికారులను తయారుచేసే మిలిటరీ అకాడమీని ఎంచుకున్నాడు.

ఒకనాడు వాడు రిమోట్ వంటి ఆ పరికరాన్ని ఒళ్ళో పడేసి విసుక్కున్నాడు. "ఇది ఫేక్ తాతా. ఈ గేమ్‌లో అకాడమీకి ఎవర్ని పడితే వాళ్ళని తెచ్చుకోవచ్చు. రియల్‌గా అలా ఉండదు."

"ఎలా ఉంటుందిరా?" అన్నాను, మాట వరసకు.

ఆ మాటతో నా పాఠం మొదలైంది. అకాడమీలో చేరేవాడు ఈ దేశ పౌరుడై ఉండాలి. పెళ్ళి కాకూడదు, పిల్లలు ఉండకూడదు. వైద్య పరీక్షలో నెగ్గాలి. బండరాయిలా ఒళ్ళు పెంచిన వాళ్ళు పనికిరారు. వేరే కాలేజీలో రెండేళ్ళు చదివి వచ్చినా ఇక్కడ మళ్ళీ మొదటి ఏడు నుంచే. చదువయ్యాక అయిదేళ్ళు సైన్యంలో పని చేయాలి. వీటన్నిటికీ మించి, తన ప్రాంతపు కాంగ్రెస్‌మనో, సెనేటరో, అంటే మన ఎంపీల వంటివారు, పేరు పెట్టి నామినేషన్ ఇవ్వాలి. ఇవేవీ గేమ్‌లో లేవు. అందుకని వాడు తన నియమాలు తానే పెట్టుకొని ఆడుతున్నాడు. బ్రహ్మచర్యం, శరీరదార్ఢ్యం, పెద్దల సిఫారసు, గురుకులవాసం ముగిశాక రాజ్యసేవ! సాంబశివా, మన ధర్మశాస్త్రాలలో చదివిన ఆశ్రమ నియమాలు ఆరిజోనా ఎండలో టీవీ తెర మీద ప్రత్యక్షమైతే నా ఒళ్ళు పులకించింది.

వాడి స్నేహితుడు ఆరుష్‌కు మాత్రం ఇదంతా పిచ్చిగా తోచింది. "బ్రో, వాడు ఫైవ్ స్టార్ క్వార్టర్‌బ్యాక్, టీమ్‌నే నడిపేవాడు! వాడికి పెళ్ళయిందో లేదో ఎవడికి కావాలి?"

"అకాడమీకి కావాలి."

"మరి ఆ ఫైవ్ ఇయర్స్ ఆర్మీ? ఏ స్టార్ ప్లేయరూ రాడు. అది పెనాల్టీ బ్రో."

"నీకు పెనాల్టీ. నాకు అదే అసలు పాయింట్" అన్నాడు నిశాంత్, తెర మీద నుంచి చూపు తిప్పకుండా.

అన్నీ కుదిరాయి గాని నామినేషన్ ఇచ్చే కాంగ్రెస్‌మన్ ఆటలో లేడు. ఆ పదవి నన్ను వరించింది. ధోవతి మీద చొక్కా, చొక్కాకు నా పాత టై కట్టుకొని సోఫాలో కూర్చుంటాను. వాడు ఒక్కొక్క ఆటగాడి గొంతు పెట్టి నా ముందుకు వస్తాడు. అందరికీ నా మొదటి ప్రశ్న ఒకటే.

"ఏ దేశ పౌరుడివి నాయనా?"

"యూఎస్ సర్. అలబామా సర్."

"పెళ్ళయిందా?"

"నో సర్. గర్ల్‌ఫ్రెండ్ ఉంది సర్."

"అది నేను అడగలేదు. ఉబ్బసం ఉందా?"

నలభై ఏళ్ళు వైద్యం చేసినవాణ్ణి కదా, ఆ ప్రశ్న దగ్గర నన్నెవరూ మోసం చేయలేరు. నవ్వి నవ్వి మా ఇద్దరికీ పొట్ట నొప్పి పుడుతుంది. ప్రమోద పోయాక ఈ ఇంట్లో నేను గట్టిగా నవ్వడం ఇదే మొదలు.

ఇక నవ్వులేని సంగతి. వాడు ఆడుతున్నది ఆట కాదు, సాధన. వచ్చే ఏడు నిజంగానే అకాడమీలో చేరాలని వాడి కోరిక. నిజం కాంగ్రెస్‌మన్ ఆఫీసుకు వెళ్ళి అక్కడ పనిచేసే అమ్మాయిని కలిసి వచ్చాడు. తెల్లవారకముందే లేచి పరుగు తీస్తున్నాడు. దరఖాస్తులో ఒక్క గడి తప్ప అన్నీ నింపాడు. పౌరసత్వం అన్న గడి దగ్గర వాళ్ళ నాన్నను అడిగితే, "అది నేను చూస్తాలే, వదిలెయ్" అన్నాడట చక్రధర్.

వాడు హైదరాబాదులో పుట్టాడు, సాంబశివా. ఏడాది నిండకుండా తల్లి చంక ఎక్కి వచ్చాడు. వాళ్ళ నాన్న వీసా మీద ఆధారపడిన వీసా వాడిది. గ్రీన్ కార్డుకు చక్రధర్ నిలబడిన వరుస ఎప్పటికి కదులుతుందో దేవుడికే ఎరుక. చెల్లెలు వేద ఇక్కడే పుట్టింది, ఆమె పౌరురాలు. ఇంట్లో ఉన్న ఈ తేడా పిల్లలకు తెలియకుండా పెంచారు. "పేపర్స్ ప్రాసెస్‌లో ఉన్నాయి" అన్న ఒక్క మాటతో ఇన్నేళ్ళు గడిపారు. ఇప్పుడు చక్రధర్ నా దగ్గరికి వచ్చి, "బాబాయ్, నా నోటితో చెప్పలేను. నువ్వే సమయం చూసి చెప్పు. అప్పటిదాకా వాడికి తెలియనివ్వకు" అన్నాడు.

చెబుతానన్నాను. రోజూ టై కట్టుకుంటున్నాను, రోజూ విప్పేస్తున్నాను. ఇన్ని శ్లోకాలు కంఠస్థం చేసిన నాలుకకు ఈ ఒక్క వాక్యం పట్టుబడడం లేదు.

నీ
యజ్ఞనారాయణ


చాండ్లర్
కృష్ణాష్టమి

ప్రియమిత్రమా సాంబశివా,

ఒక ఇంట పుట్టి మరొక ఇంట పెరిగిన బిడ్డ పండుగ ఇవాళ. భావన ఏటా గుమ్మం నుంచి పూజగది దాకా పిండితో చిన్ని పాదాలు వేసేది. ఈసారి వేయలేదు. ఎందుకో చెబుతాను.

కిందటి ఆదివారం మధ్యాహ్నం నిశాంత్ వచ్చాడు. నేను టై కట్టుకున్నాను. ఆరోజు వాడు గొంతు మార్చలేదు. గేమ్‌లో మనకు నచ్చిన ఆటగాణ్ణి మనమే తయారుచేసుకోవచ్చునట. తెర మీద ఒక కొత్త కుర్రవాడు నిలబడి ఉన్నాడు. గోధుమరంగు ఒళ్ళు, నల్లని జుట్టు. కింద పేరు నిశాంత్. ఊరు చాండ్లర్, ఆరిజోనా.

"నెక్స్ట్ కేండిడేట్ సర్" అన్నాడు.

ముఖాన నవ్వు పులుముకొని, "పెళ్ళయిందా నాయనా?" అన్నాను.

"నో సర్."

"ఉబ్బసం?"

"నో సర్."

"చదువయ్యాక అయిదేళ్ళు సేవ చేయడానికి సిద్ధమేనా?"

"యెస్ సర్."

"అయితే నామినేషన్ ఇచ్చాం, పో!" అని చేయి ఎత్తాను. వాడు కదలలేదు. నా వంకే చూస్తూ మెల్లగా అన్నాడు: "తాతా, అందరినీ ఫస్ట్ అడిగే క్వశ్చన్ నన్ను అడగలేదు."

"మరిచిపోయానురా."

"నువ్వు మర్చిపోవు. పొయెమ్స్ వందలు చెప్తావు, ఒక్క వర్డ్ మిస్ అవ్వవు." వాడు చేతిలోని పరికరాన్ని కింద పెట్టాడు. "నాన్న ఆ బాక్స్ నింపనివ్వలేదు. అమ్మని అడిగితే కిచెన్‌లోకి వెళ్ళిపోయింది. నువ్వు నాకు అబద్ధం చెప్పవు కదా, అందుకే నీ దగ్గరికి వచ్చాను. నువ్వు అడిగితే అంతా ఓకే అనుకున్నాను. అడగకపోతే…"

నేను దయ అనుకొని దాటవేసిన ప్రశ్నే వాడికి జవాబైపోయింది. "నిశాంత్, నాయనా" అని లేవబోయాను. వాడు అప్పటికే తలుపు దగ్గర ఉన్నాడు.

"సో నేను ఇల్లీగలా?"

"కాదురా! అన్నీ సక్రమంగానే ఉన్నాయి. పౌరసత్వం మాత్రం రాలేదు."

"ఎప్పుడు వస్తుంది?"

తలుపు మూసుకుంది. తెర మీది నిశాంత్ మాత్రం హెల్మెట్ చంకలో పెట్టుకొని, ఊపిరి తీస్తూ, నా జవాబు కోసం నిలబడే ఉన్నాడు. దానిని ఎలా ఆపాలో నాకు తెలియదు. ప్లగ్గు పీకేశాను.

మరునాడు కాంగ్రెస్‌మన్ ఆఫీసుకు ఫోన్ చేశాను. అక్కడి అమ్మాయి ఎంతో మర్యాదగా మాట్లాడింది. అకాడమీలో అడుగుపెట్టే నాటికి పౌరుడై తీరాలట. ఇతర దేశాల ప్రభుత్వాలు పంపే విద్యార్థులు కొద్దిమంది ఉంటారట. వాళ్ళు చదువు ముగించుకొని తమ దేశపు సైన్యానికే వెళ్ళిపోవాలి. మనవాణ్ణి పంపే దేశమేది? పుట్టిన దేశం వాడికి గుర్తు లేదు. పెరిగిన దేశపు పుస్తకాల్లో వాడి పేరు లేదు. నువ్వూ నేనూ వచ్చిన రోజులు తలచుకో. డాక్టర్లు కావాలని పిలిచి మరీ కార్డు చేతిలో పెట్టారు. వరుస అనే మాటే మనం వినలేదు. మనలో లేని అర్హత ఏదో వాడిలో ఉంది గాని, వాడికి లేని తలుపు మనకు తెరుచుకుంది.

ఆ ఆలోచనలోనే నాకొక ఉపాయం తోచింది. నేను ఈ దేశ పౌరుణ్ణి. నాకు సంతానం లేదు. వాడు నా అన్న మనవడు, నా గోత్రీకుడు. దత్తత చేసుకుంటే? మన స్మృతులలో దత్తపుత్రుడికి ఔరసుడితో, అంటే కన్నకొడుకుతో, సమానమైన స్థానం ఉంది. హోమం చేసి, తండ్రి చేతుల నుంచి బిడ్డను అందుకుంటే చాలు, వంశం మారిపోతుంది. ఇక్కడి చట్టమూ దత్తతను ఒప్పుకుంటుంది. నా కొడుకైతే వాడికి నా దేశం రాదా?

ఆ సాయంత్రమే వాళ్ళింటికి వెళ్ళాను. నిశాంత్ గది తలుపు వేసుకొని ఉన్నాడు. చక్రధర్ నా మాట విని తల దించుకున్నాడు. భావన మాత్రం నా ముఖంలోకి చూసింది.

"ఒకే కడుపున పుట్టారు మామయ్యగారూ. వేద పాస్‌పోర్ట్ పుట్టిన నెలకే పోస్ట్‌లో వచ్చింది. వీడికి ఏం చేయలేకపోయాం. ఇప్పుడు వీణ్ణి మీకు ఇచ్చేస్తే గాని వీడికి దారి లేదా?"

"కాగితం మీదనే అమ్మా. వాడు నీ కొడుకే."

"ఆ కాగితం లేకపోవడం వల్లే కదా ఇంత జరిగింది" అంది.

కళ్ళు తుడుచుకొని, "వాడికి మంచి జరుగుతుందంటే తీసుకోండి. నా చేతుల్తో నేనే ఇస్తాను" అంది. కన్నతల్లి నోట ఆ మాట విన్నందుకు నేను సిగ్గుపడవలసింది. కాని నిజం చెబుతున్నాను సాంబశివా, ఆ క్షణంలో నా మనసు గంతులు వేసింది. కొడుకు! ప్రమోద ఎన్ని నోములు నోచింది ఆ మాట కోసం! వాడి మేలు కోసమే అడిగానా, నా వెలితి కోసం అడిగానా? ఈ వయసులో నా అంతరంగమే నాకు అంతుపట్టడం లేదు.

బుధవారం లాయరును కలుస్తున్నాను. దేవుణ్ణి నీకు తోచినట్టు అడుగు.

నీ
యజ్ఞనారాయణ


చాండ్లర్
విజయదశమి

చిరంజీవి నిశాంత్‌కు,
తాతయ్య ఆశీస్సులు.

నేడు విజయదశమి. ఆయుధం పట్టేవాడు ఆయుధానికీ, కలం పట్టేవాడు కలానికీ, పనిముట్టు పట్టేవాడు పనిముట్టుకూ పూలు పెట్టి నమస్కరించే రోజు. గెలిచినవాళ్ళ పండుగ అంటారు. పని చేయాలని చేయి చాచిన ప్రతివాడిదీ ఈ పండుగ అని నేను నమ్ముతాను. అందుకే ఈ ఉత్తరం నీకు.

ఆదివారం తెలుగు బడిలో నువ్వు నేర్చిన అక్షరాలు ఇంకా నీ దగ్గర ఉన్నాయని తెలుసు. మెల్లగా చదువు. ఎక్కడైనా ఆగిపోతే మీ అమ్మను అడుగు. ఫోన్‌లో చెప్పరాదా అంటావు. ఫోన్‌లో నా గొంతు నిలవదు.

మొన్న కాంగ్రెస్‌మన్ ఆఫీసుకు వెళ్దాం రమ్మన్నావు. ఈమెయిల్ పెడితే సరిపోయేదానికి ఎందుకని మీ నాన్న అన్నాడు. "ఆ మేడమ్ నాకు చాలా హెల్ప్ చేసింది. కనపడకుండా తప్పుకుంటే దాక్కున్నట్టు ఉంటుంది" అన్నావు. నాకు చూపు చాలక బండి నడపడం మానేశాను. నువ్వే డ్రైవ్ చేశావు. దారి పొడుగునా నేను మాట కలపబోయాను, నువ్వు రేడియో పెట్టావు.

అక్కడ నువ్వు ఆమె బల్ల ముందు నిటారుగా నిలబడ్డావు. దరఖాస్తు పంపడం లేదనీ, నువ్వు ఈ దేశ పౌరుడివి కావనీ, ఆ సంగతి ఈ మధ్యనే తెలిసిందనీ చెప్పావు. ఆమె కుర్చీలోంచి లేచి, "ఐ యామ్ సో సారీ" అంది. నువ్వు, "ఇట్స్ ఓకే మేడమ్. రూల్ కరెక్టే. గేమ్‌లో నేను కూడా అదే రూల్‌తో ఆడతాను" అన్నావు. ఆమెకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. నిన్ను బయట నిలబెట్టిన నియమాన్ని నువ్వు తిట్టలేదు. దాని గౌరవం దానికి ఇచ్చి బయటికి వచ్చావు. ఆ మర్యాద నేను ఏ పుస్తకం నుంచీ నీకు నేర్పలేదు.

నువ్వు కారు దగ్గరికి వెళ్ళాక ఆమె నన్ను ఆపింది. ఇలాంటి కుర్రవాళ్ళు ఏటా ఒకరిద్దరు వస్తుంటారట. తల్లిదండ్రులే ఫోన్ చేసి చెప్పేస్తారట గాని, ఎవరూ ఇలా ఎదురుగా వచ్చి చెప్పలేదట. చెబుతూ ఆమె కన్నీళ్ళు పెట్టుకుంది. నీకు చెప్పవలసిన మాట అది. అక్కడే చెప్పబోయాను గాని, కారులో ఏం జరిగిందో నీకు తెలుసు.

తాళం తిప్పావు, ఏసీ వేశావు, కదలలేదు. తరువాత నన్ను చూడకుండా అన్నావు: "తాతా, అమ్మ చెప్పింది. నన్ను అడాప్ట్ చేసుకుందామనుకున్నావట."

"అవును."

"అప్పుడు నిన్ను డాడీ అనాలా? సో వియర్డ్."

"తాతయ్యా అనే పిలవమనేవాణ్ణి."

"లాయర్ ఏమన్నాడు?"

"పదహారు నిండకముందే జరగాలట. నీకు పదిహేడు."

నువ్వు నవ్వావు. ఆ నవ్వు నవ్వుగా మొదలై మధ్యలో ఏడుపైపోయింది. స్టీరింగ్ మీద తల పెట్టి ఏడ్చావు. నీ వెన్ను మీద చేయి వేశాను. ఏదైనా శ్లోకం చెబుదామని నోరు తెరిచాను, ఒక్కటీ రాలేదు. నువ్వు బండి నడిపే స్థితిలో లేవు, నేను నడపలేను. ఎండలో ఆ పార్కింగ్‌లో అలాగే కూర్చున్నాం. వచ్చేవాళ్ళు వస్తున్నారు, పోయేవాళ్ళు పోతున్నారు.

ఆ కూర్చున్నప్పుడు నాకొకటి తెలిసింది, నీకు చెప్పాలి. నిన్ను నా కొడుకును చేసుకుంటే నీకు ఒక దేశం ఇచ్చినవాణ్ణి అవుతానని మురిశాను. మీ అమ్మ మనసు ముక్కలవుతున్నా మురిశాను. నీకు ఇవ్వడం మీద కంటే ఇచ్చేవాణ్ణి కావడం మీద నాకు మోజు ఎక్కువైంది. లాయరు కాదన్నప్పుడు నీ గురించి ఏడ్చానో, నా గురించి ఏడ్చానో ఇప్పుడు స్పష్టంగా తెలుస్తున్నది. నిన్న వెళ్ళి మీ అమ్మను క్షమించమని అడిగాను. ఆమె నాకు కాఫీ కలిపి ఇచ్చింది.

ఇక ముందు ఏమిటని నన్ను అడిగావు. నాకు తెలియదు నాయనా. ఇరవై ఒకటి నిండితే మీ నాన్న వీసా నీడ నీ మీద నుంచి తొలగిపోతుంది. అప్పుడు నువ్వు పెరిగిన ఊళ్ళోనే విదేశీ విద్యార్థిగా మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ తరువాత ఏ వరుసలో నిలబడాలో లాయరు బొమ్మ గీసి చూపించాడు. డాక్టరు చదువు చదివిన నాకే అది తలకెక్కలేదు. కాలం కలిసివస్తుందని చెబితే నీకు మళ్ళీ అబద్ధం చెప్పినట్టవుతుంది. పెద్దవాళ్ళం ప్రేమతో దాచినది నీకు ఎంత చేటు చేసిందో చూశాను కనుక, తెలియనిదానిని తెలియదనే చెబుతున్నాను.

నీ కోసం ఒక పద్యం రాయాలని రెండు రోజులు కూర్చున్నాను. గణాలు కుదిరాయి, యతి కుదిరింది. నీ పేరు పెట్టేసరికి పద్యం నిలబడలేదు. చింపేశాను. వచనంలోనే దీవిస్తాను.

సేవ చేయాలన్న నీ కోరిక ఏ తలుపు దగ్గరా చిన్నబోకుండు గాక. నిజం చెప్పడానికి ఎదురుగా వెళ్ళి నిలబడిన నీ కాళ్ళు ఎన్నడూ వణకకుండు గాక. నీ తరువాత ఇదే వరుసలో నిలబడబోయే పసివాళ్ళకు, తల్లి చంకన వచ్చి ఈ నేలనే ఇల్లు అనుకొని పెరుగుతున్న వాళ్ళందరికీ, వాళ్ళు ఎవరో వాళ్ళ ఇంటివారే ముందుగా, మెల్లగా, దగ్గర కూర్చోబెట్టుకొని చెప్పుదురు గాక. వాళ్ళు చేయి చాచిన నాడు ఆ చేయి అందుకునేవారు ఉందురు గాక. నాకు ఇవ్వడానికి మిగిలిన ఆయుష్షు ఏపాటిదో తెలియదు. ఎంత ఉంటే అంతా నీకూ, వాళ్ళకూ చెందు గాక.

నీ తాతయ్య
యజ్ఞనారాయణ